పేరులో ‘రిక్స్’ ఉంటే రాజేనా?

ప్రశ్న: రోమన్ సేనాని సీజర్ గాల్ (దాదాపు నేటి ఫ్రాన్స్) మీద చేసిన యుద్ధాల గురించి చదువుతున్నాను. వెర్కింగెటోరిక్స్, డుమ్నోరిక్స్, ఓర్గెటోరిక్స్, అంబియోరిక్స్... ఎటు చూసినా రిక్సులే. అక్కడివాళ్ల కెల్టిక్ భాషలో రిక్స్ అంటే రాజు అట. ఇంతమంది రాజులా? ఇవి పేర్లా, బిరుదులా?

జవాబు: పేర్లే. సింహాసనం ఎక్కాక తగిలించుకున్నవి కావు. ఓర్గెటోరిక్స్‌నే చూడండి. రాజు కావాలని కుట్ర పన్నాడంటూ సొంత హెల్వెటీ తెగవాళ్లే విచారణకు లాగారు. ఆ ముచ్చట తీరకుండానే పోయాడు. డుమ్నోరిక్స్‌దీ అదే ఆశ, క్రీ.పూ. 54లో సీజర్ మనుషుల చేతుల్లో చచ్చాడు. అంబియోరిక్స్ మాత్రం నిజంగానే ఎబురోనుల రాజు. మరి అదే తెగకు ఆయనతో పాటు రాజైన కటువోల్కుస్ పేరులో రిక్స్ ఏదీ?

పెద్దింటి పేర్లు ఎక్కువగా సమాసాలు. ‘వెర్’ అంటే మహా, ‘కింగెటో’ యోధుడు, ‘రిక్స్’ రాజు. కాములోగెనుస్ అంటే కాములోస్ దేవుడికి పుట్టినవాడు. బ్రిటన్ రాజు కునోబెలినుస్ పేరులో ‘కునో’ అంటే వేటకుక్క. ముఖం చిట్లించకండి, వాళ్లకది వీరుడికి తగిన మాట! ఈయన వేయించిన బంగారు నాణెం మీద ఒకవైపు బార్లీ కంకి, దానికి అటూ ఇటూ ‘కా’, ‘ము’ అన్న అక్షరాలు. అది ఆయన రాజధాని కాములోడునుమ్‌కు పొట్టి రూపం. రెండోవైపు గుర్రం, దాని కింద ‘కునో’.

మరొకరు: బ్రిటన్‌లో రోమన్ల మీద తిరగబడ్డ రాణి బౌడికా పేరుకు ‘విజయ’ అని అర్థమని విన్నాను. రోమన్లను ఓడించాక వచ్చిన బిరుదేమో?

జవాబు: అలా అనుకోవడానికి ఆధారం లేదు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో దొరికిన క్రీ.శ. 237 నాటి బలిపీఠం మీద ‘బౌడిగ’ అనే దేవత ఉంది. అది యుద్ధం గెలిచిన రాణికే దక్కిన మాట కాదు.

ఇంకొకరు: రిక్స్ – రాజన్, గెనోస్ – జన. అంతా సంస్కృతం నుంచి పోయిందే.

జవాబు: పోలిక నిజమే, తీర్పే తొందరపాటు. కెల్టిక్, సంస్కృతం రెండూ ఒకే మూలభాష నుంచి పుట్టిన అక్కచెల్లెళ్లు. ఒకదాన్ని మరొకదానికి తల్లిని చేయకండి.

రాజులను వదిలి మామూలు మనుషుల పేర్లు చూస్తే ఇంకా బాగుంటుంది. 1983లో ఫ్రాన్స్‌లోని లార్జాక్‌లో ఒక సమాధిలో సీసపు పలక దొరికింది. మంత్రతంత్రాలకు సంబంధించిన గాలిష్ (గాల్ ప్రజల కెల్టిక్ భాష) రాత, నిండా ఆడవాళ్ల పేర్లే: ఫలానామె తల్లి, ఫలానామె కూతురు అంటూ. అందులో ఒకామె సెవెరా టెర్టియోనిక్న. సెవెరా లాటిన్ పేరు, టెర్టియో కూడా అక్కడిదే. ‘ఫలానావారి బిడ్డ’ అని చెప్పే చివరి ‘ఇక్న’ మాత్రం అచ్చమైన గాలిష్.