మకరజ్యోతిని మనుషులే వెలిగిస్తారని తెలిశాక కూడా మాల వేయాలా?

సందేహి:
మా నాన్నగారు పద్దెనిమిదేళ్లు మాల వేశారు. పద్దెనిమిదో ఏడు కొబ్బరి మొక్క పట్టుకెళ్లి శబరిమలలో నాటి వచ్చారు. ఆ తర్వాత ప్రతి సంక్రాంతి సాయంత్రం టీవీ ముందు నిలబడేవారు. శబరిమలకి ఎదురుగా ఉన్న పొన్నంబలమేడు కొండ మీద వెలుగు మూడుసార్లు కనబడగానే చెంపలేసుకునేవారు. అది మనుషులు వెలిగించేదేనని 2008లో తంత్రి, అంటే అక్కడి ప్రధాన పూజారి, కుటుంబమే చెప్పింది. 2011 జనవరి 14న శబరిమల దగ్గరి పుల్లుమేడులో జ్యోతి చూసి తిరిగొస్తూ తొక్కిసలాటలో వంద మందికి పైగా చనిపోయారు. కేరళ హైకోర్టు గట్టిగా అడిగాక, గుడిని నడిపే దేవస్వం బోర్డూ అది మనుషులు వెలిగించేదేనని ఒప్పుకుంది. ఇప్పుడు అమ్మ నన్ను మాల వేయమంటోంది. నాకు మనసొప్పట్లేదు.

గురుస్వామి:
స్వామీ, ఆకాశంలో కనబడే నక్షత్రం మకరజ్యోతి. కొండ మీద వెలిగేది మకరవిళక్కు, అంటే దీపం. మనవాళ్లే రెండూ కలిపేశారు. మీ ఇంట్లో హారతి అమ్మే వెలిగిస్తుంది కదా, అయినా కళ్లకద్దుకోరూ? నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ "స్వామీ" అనడం... నేను మాల వేసేది దీనికోసం. మా ఆఫీసు ప్యూన్‌ని కూడా ఆ రోజుల్లో "స్వామీ" అనే పిలుస్తాను. మిగతా ఏడాదంతా ఏమని పిలుస్తానో చెప్పుకోలేను.

లెక్కల మాస్టారు:
హారతి వెలిగించిన అమ్మ "అదే వెలిగింది, నేను ముట్టుకోలేదు" అనలేదు కదండీ! అద్భుతం అన్నారు కాబట్టే అంత జనం చీకట్లో అడవి అంచుకి చేరారు. వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. దీక్ష మంచిదే, కాదనను. కానీ మీరు మంచివారయ్యారన్నది దేవుడున్నాడనడానికి రుజువెలా అవుతుంది?

గురుస్వామి:
రుజువని నేనెప్పుడన్నాను మాస్టారూ? రుజువుంటే మొక్కేదేముంది, ఒప్పుకుని ఊరుకోవడమే. బోర్డు ఏళ్ల తరబడి నోరు మెదపకపోవడం మాత్రం తప్పే. సన్నిధానంలో మైకులో చెప్పాల్సిన మాట అది.

లెక్కల మాస్టారు:
ఆ ఒక్క మాటా మీ పీఠంలో చెప్పండి చూద్దాం, ఎంతమంది వింటారో.

సందేహి:
ఇవన్నీ అమ్మకి చదివి వినిపించాను. బోర్డు ఒప్పుకున్న మరుసటి సంక్రాంతికి కూడా నాన్నగారు టీవీ ముందే నిలబడ్డారట. పక్కింటి పిల్లాడు "అది మనుషులే వెలిగిస్తారట తాతా" అన్నాడట. "తెలుసులేరా, పక్కకి జరుగు, కనబడట్లేదు" అన్నారట.

మాల మాత్రం ఈ ఏడు వేయట్లేదు.