అవ్వ నోటికీ మాటకీ పొంతన లేదు, ఎడిటింగ్ తెలిసినవాళ్లు సాయం చేయండి

అన్నలూ, అక్కలూ, మాది తిరుపతి. ఎడిటింగ్‌కు కొత్త. గంగమ్మ జాతరలో ఫోన్‌తో 3 గంటల ఫుటేజీ తీసినా. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అన్నీ ఉన్నాయి. జాతర గురించి మా అవ్వ చెప్తుంటే బొమ్మ ఫోన్‌లో, మాటలు మాత్రం వేరే రికార్డర్‌లో తీసుకున్నా. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో, సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో చప్పట్ల గుర్తుతో రెండూ కలిపినా. మొదట బాగానే ఉంది. పది నిమిషాలు పోయేసరికి అవ్వ నోరు మూసినాక మాట వినిపిస్తోంది!

ఫోన్ వీడియోలో ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదని, ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన రేటుకు మార్చుకోవాలని చదివినా. తీసింది 30లో. మరి 30కే మార్చాలా, 25కా? ఆడియో శాంపిల్ రేటు రికార్డర్‌లో 44.1 కిలోహెర్ట్జ్, ప్రాజెక్టులో 48. తేడా దీనివల్ల కూడా వస్తుందా?

ఇంకోటి. అవ్వ గొంతు ముందు వినిపించి, తర్వాత ముఖం కనబడేలా జె-కట్ పెడితే, డప్పులు మాటను మింగేస్తున్నాయి. వాటిని ఎక్కడినుంచి, ఎంత తగ్గించాలి? పూర్తిగా తగ్గిస్తే అది జాతరలా లేదు మరి.

ల్యాప్‌టాప్‌ది 8 జీబీ ర్యామే, ప్రాక్సీల (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికపాటి వీడియో కాపీల) పుణ్యాన నడుస్తోంది. కోర్సులో చేరమని మాత్రం చెప్పకండి. వచ్చే జాతరలోపు అవ్వకు చూపించాలి.