కంట్లో ఏ జబ్బూ లేని స్టాఫ్‌కి యాంటీబయాటిక్ చుక్కలు వేయాలా?

ఎగ్మూర్_సిస్టర్:
మాది నెల్లూరు, చెన్నైలో ఒక కంటి ఆసుపత్రిలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) నర్సుగా చేస్తున్నాను. పోయిన నెల మా స్టాఫ్ అందరి కళ్ల నుంచీ స్వాబ్ తీసి కల్చర్‌కి, అంటే క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకి పంపారు. నా కళ్లు ఎర్రగా లేవు, పుసి లేదు, దురదా లేదు. అయినా రిపోర్టులో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ అనే బాక్టీరియా వచ్చింది, అదీ మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగని రకం. వారం రోజులు చుక్కలు వేసుకుని, మళ్లీ పరీక్షలో నెగటివ్ వస్తేనే ఓటీలోకి రానిస్తామంటున్నారు. ఇది సరైనదేనా? ఇంట్లో చెప్పినప్పటి నుంచి మా ఆయన పిల్లల టవల్స్ నా చేతికి ఇవ్వడం లేదు, అది చాలా బాధగా ఉంది.

తాంబరం_కుర్రాడు:
వేసుకుంటే పోయేదేముంది అక్కా? మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయిన నాలుగో రోజుకి కంట్లో చీము పట్టింది. కంటి లోపలికి ఇంజెక్షన్లు ఇచ్చారు, మళ్లీ ఆపరేషన్ చేశారు, అయినా ఇప్పుడు ఆ కంటికి ఎదురుగా వేళ్లు పెడితే లెక్కపెట్టడం వరకే. అప్పుడు రిపోర్టులో ఉన్న క్రిమి పేరు మీరు రాసిందే. స్టాఫ్ అందరికీ పరీక్ష చేయాల్సిందే అంటాను నేను.

ల్యాబ్_టెక్_వడపళని:
అమ్మగారి విషయం చదివి మనసు కలుక్కుమంది తమ్ముడూ. కానీ పేరు ఒకటే అయినంత మాత్రాన క్రిమి స్టాఫ్ నుంచి వచ్చిందని కాదు. ఎపిడెర్మిడిస్ మన అందరి చర్మం మీదా, కనురెప్పల అంచుల్లోనూ ఉంటుంది. 1991లో అమెరికాలో ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చిన 17 మందిని పరీక్షిస్తే, 14 మందిలో కంటి లోపల దొరికిన క్రిమి, ఆ రోగి సొంత రెప్పల మీదో కంటిపొర మీదో ముక్కులోనో ఉన్న క్రిమి, జన్యువుల్లో తేడా లేకుండా ఒకటిగానే తేలాయి. అందుకే ఆపరేషన్‌కి ముందు రోగి కంట్లో 5 శాతం పోవిడోన్ అయోడిన్ అనే క్రిములను చంపే మందు వేస్తారు.

సిస్టర్ గారూ, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లలో మందులకు లొంగని రకాలు ఎక్కువగా కనిపించడం కొత్తేమీ కాదు, రోజంతా ఆ మందుల మధ్యే ఉంటాం కదా. అవి ఉన్నంత మాత్రాన కంటికి జబ్బు కాదు. కన్నీళ్లలో లైసోజైమ్ అనే, బాక్టీరియాను దెబ్బతీసే ఎంజైమ్ ఉంటుంది, 1922లో ఫ్లెమింగ్ బయటపెట్టింది అదే, రెప్ప కొట్టిన ప్రతిసారీ కన్నీరు కంటిని కడుగుతూనే ఉంటుంది. చుక్కలు వేస్తే లొంగే రకాలు చస్తాయి, లొంగనివి మిగులుతాయి, మందు ఆపాక రెప్పల చర్మం నుంచి మళ్లీ వచ్చి చేరతాయి. మళ్లీ పాజిటివ్ వస్తే ఏం చేస్తారు, ఇంకా గట్టి మందు వేస్తారా?

తాంబరం_కుర్రాడు:
14 పోగా మిగిలిన 3 మాటేమిటి అన్నా? ఆ ముగ్గురిలో ఒకరు మా అమ్మలాంటి వాళ్లే కదా.

ల్యాబ్_టెక్_వడపళని:
న్యాయమైన ప్రశ్న. ఆ ముగ్గురికీ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేం. అయితే స్టాఫ్ కంట్లోది రోగి కంట్లోకి దానంతట అది ఎగిరిపోదు, కన్ను నలుపుకున్న చెయ్యి మోసుకెళ్లాలి. అందుకే నా పట్టుదలంతా చేతులు కడగడం మీద, పరికరాలు స్టెరిలైజ్ చేయడం మీద. ఒకే ఓటీలో వరసగా ఇన్ఫెక్షన్లు వస్తే అప్పుడు స్టాఫ్‌ని కూడా పరీక్షించాలి, కాదనను. ఇంకొకటి, స్టాఫ్‌కి మద్రాస్ ఐ (కళ్లకలక) వస్తే ఓటీకి కాదు, అసలు డ్యూటీకే రాకూడదు. అది ఎక్కువగా వైరస్ వల్ల వచ్చేది, ఆ కంటికి యాంటీబయాటిక్ పనిచేయదు, అంటుకోవడం మాత్రం చాలా తొందరగా అంటుకుంటుంది.

ఎగ్మూర్_సిస్టర్:
మా దగ్గర కళ్లు ఎర్రబడినవాళ్లని కూడా సెలవు దొరక్క డ్యూటీకి రప్పించారు, నాకు అసలు కోపం అక్కడే. సోమవారం ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి రాసిస్తాను, చుక్కలు ఎందుకు వద్దంటున్నానో, సెలవు ఎందుకు కావాలో రెండూ.

తాంబరం_కుర్రాడు:
చుక్కల విషయం ఇంకా నాకు పూర్తిగా మింగుడుపడలేదు అక్కా. కానీ రాసేటప్పుడు ఇంకొకటి కలపండి. అయోడిన్ వేశాక కనీసం మూడు నిమిషాలు ఆగాలంటారు కదా, ఆ మూడు నిమిషాలు ఎవరు గడియారం చూస్తున్నారో అడగండి. మా అమ్మ విషయంలో ఆ మాట అడగాలని అప్పుడు నాకు తెలియలేదు.