మోడల్ ఎంపికపై ఒక రోజు సదస్సు: కార్యక్రమం ఇలా వేస్తే సరిపోతుందా?

స్టాట్స్_విభాగం (ప్రశ్న)

జూన్ 29 గణాంక దినోత్సవానికి మా విభాగంలో మోడల్ సెలక్షన్ (ఒకే డేటాకి కట్టిన పలు మోడళ్లలోంచి ఒకటి ఎంచుకోవడం) మీద ఒక రోజు సదస్సు పెడుతున్నాం. ఎమ్మెస్సీ వాళ్లూ, పరిశోధక విద్యార్థులూ కలిపి 60 మంది. ఉదయం 10 నుంచి సాయంత్రం 4:30 దాకా. ల్యాబ్‌లో 30 కంప్యూటర్లు, అన్నింట్లో ఆర్ (గణాంక సాఫ్ట్‌వేర్) ఉంది. ఇంటర్నెట్ ఆ రోజు ఉంటుందని నమ్మకం లేదు. వక్తలు ముగ్గురు.

ప్రస్తుతానికి అనుకున్న అంశాలు: సవరించిన ఆర్-స్క్వేర్, మాలోస్ సీపీ, ఏఐసీ, బీఐసీ (ఈ నాలుగూ మోడళ్లను పోల్చే కొలతలు), స్టెప్‌వైజ్ (వేరియబుల్స్‌ని ఒక్కొక్కటిగా చేరుస్తూ, తీస్తూ ఎంచడం), క్రాస్ వాలిడేషన్ (డేటాని భాగాలు చేసి, పక్కన పెట్టిన భాగం మీద మోడల్‌ని పరీక్షించడం), లాసో (అక్కర్లేని గుణకాలను సున్నాకి కుదించే రిగ్రెషన్), డీఐసీ (బేయీసియన్ మోడళ్లకి వాడే కొలత), మోడల్ యావరేజింగ్ (పలు మోడళ్ల ఫలితాల సగటు). ఒక్కోదానికి అరగంట, చివర గంట ల్యాబ్. ఇది ఎక్కువవుతుందా? ల్యాబ్‌కి ఏ డేటా వాడాలి? "ఏఐసీ మంచిదా, బీఐసీ మంచిదా" అని తప్పకుండా అడుగుతారు, దానికి సూటిగా ఏం చెప్పాలి?

పెనాల్టీ_పదం

ఎక్కువే అండి. తొమ్మిది అంశాలు అరగంట చొప్పున చెబితే సాయంత్రానికి తొమ్మిది సూత్రాలు నోటుబుక్‌లో ఉంటాయి, ఎప్పుడు ఏది వాడాలో మాత్రం తెలియదు. డీఐసీ, మోడల్ యావరేజింగ్ తీసేయండి. బేయీసియన్ మోడళ్లు నడపని వాళ్లకి డీఐసీ గాల్లో మాటే. సీపీని ఏఐసీతో కలిపి పది నిమిషాల్లో చెప్పొచ్చు, నార్మల్ రిగ్రెషన్‌లో రెండూ దగ్గరి చుట్టాలు.

ప్రారంభోత్సవం 15 నిమిషాలకి మించనివ్వకండి, శాలువాలూ మెమెంటోలూ సాయంత్రానికి పెట్టుకోండి. 10:15 నుంచి 11:15 వరకు ఒకే ప్రశ్న: మోడల్ దేనికోసం? ముందుచూపు అంచనాకా, ఏ వేరియబుల్ ప్రభావం ఎంతో చెప్పడానికా? ఈ గంట తగ్గించొద్దు, మిగతా రోజంతా దీని మీదే నిలబడుతుంది. 11:30 నుంచి 1 దాకా ఏఐసీ, బీఐసీ. భోజనం తర్వాత 1:45 నుంచి 3:15 ల్యాబ్. తిన్నాక ఉపన్యాసం పెడితే నిద్రే, చేతికి పని ఇవ్వండి. 3:30 నుంచి క్రాస్ వాలిడేషన్, లాసో కలిపి 40 నిమిషాలు, మిగిలింది ప్రశ్నలకి.

ఏఐసీ గంటన్నరలో బోర్డు మీద ఉండాల్సింది ఇంతే: మైనస్ 2 లాగ్-లైక్లీహుడ్ (మోడల్ డేటాకి ఎంత బాగా అతికిందో చెప్పే అంకె), దానికి ఏఐసీ అయితే 2కే, బీఐసీ అయితే కే లాగ్ ఎన్ కలపాలి. కే అంటే పారామీటర్ల సంఖ్య, ఎన్ అంటే శాంపిల్ సైజు, విలువ ఎంత తక్కువైతే అంత మేలు. ఏఐసీ ఇచ్చింది అకైకే, 1973లో; బీఐసీ ఇచ్చింది ష్వార్జ్, 1978లో. లాగ్ 8 అంటే 2.08, కాబట్టి ఎన్ 8 దాటిందంటే బీఐసీ శిక్షే (పెనాల్టీ, ఒక్కో పారామీటర్‌కి కలిపే భారం) ఎక్కువ. శాంపిల్ చిన్నదైతే 2కే(కే+1)ని (ఎన్-కే-1)తో భాగించి ఏఐసీకి కలపాలి. ఎన్‌ని కేతో భాగిస్తే 40 కన్నా తక్కువ వచ్చే చోట ఈ సవరణ వాడమనేది వాడుకలో ఉన్న నియమం. ఇంకొకటి, విలువలు మైనస్‌లో వచ్చినప్పుడు పిల్లలు గుర్తు వదిలేసి చిన్న అంకెను ఎంచుకుంటారు. -80 కన్నా -120 మేలని ముందే చెప్పండి.

బూట్‌స్ట్రాప్

డేటాకి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆర్‌లోనే ఉన్న ఎంటీకార్స్ చాలు: 32 కార్లు, మైలేజీ వై, మిగతా 10 కాలమ్‌లు ఎక్స్. చిన్నది కాబట్టే తప్పులన్నీ కంటికి కనబడతాయి.

పది వేరియబుల్స్‌తో మొదలుపెట్టి స్టెప్ ఫంక్షన్ (ఏఐసీ తగ్గేలా వేరియబుల్స్‌ని ఏరేది) నడిపిస్తే బరువు, క్వార్టర్ మైలు సమయం, గేర్‌బాక్స్ రకం (ఏఎం) మిగులుతాయి. స్టెప్ చూపించే ఏఐసీ 61.31. అదే మోడల్‌ని ఏఐసీ ఫంక్షన్‌కి ఇస్తే 154.12. ల్యాబ్ ఇక్కడే ఆగిపోతుంది, సగం మంది ఏదో తప్పు చేశామనుకుంటారు. తప్పేం లేదు. స్టెప్ స్థిర పదాలను వదిలేస్తుంది, సిగ్మాను (దోషాల ప్రామాణిక విచలనం) పారామీటర్‌గా లెక్కపెట్టదు. తేడా 32 × (1 + లాగ్ 2పై) + 2, అంటే 92.81. ఒకే డేటా మీద రెండు మోడళ్ల మధ్య తేడా ఏ ఫంక్షన్‌తో చూసినా అంతే వస్తుంది. ఒక మోడల్‌కి ఒక ఫంక్షన్, ఇంకో మోడల్‌కి ఇంకోటి వాడితేనే ప్రమాదం.

ఇప్పుడు ఏఎం తీసేసి మళ్లీ చూడమనండి. ఏఎం ఉన్న మోడల్ ఏఐసీ ప్రకారం 2.6 మేలు, చిన్న శాంపిల్ సవరణతో 1.8, బీఐసీతో 1.1. మూడూ ఉంచమనే అంటున్నాయి, కానీ పట్టు సడలిపోతోంది చూడండి. సమ్మరీలో ఏఎం పీ-విలువ (ఏఎం ప్రభావమే లేకపోతే ఇంత బలమైన ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.0467. పదింటిలోంచి ఏరుకున్న తర్వాత వచ్చిన పీ-విలువ అది. ముందే నిర్ణయించుకున్న మోడల్‌కి ఇచ్చే అర్థం దానికి ఇవ్వకూడదు. నా దృష్టిలో రోజు మొత్తంలో విద్యార్థికి చేరాల్సిన మాట ఇదే.

మాటతో వదిలేయకండి. 32 వరుసలను తిరిగి వేసుకుంటూ 32 తీసి, స్టెప్ నడిపించి, ఏఎం మిగిలిందా లేదా రాసుకోవాలి. ఇలా 200 సార్లు. స్టెప్‌లో ట్రేస్‌ని (ప్రతి అడుగునీ తెర మీద చూపించే ఆప్షన్) సున్నా పెట్టకపోతే తెర నిండా అక్షరాలు పరుగెడతాయి. పది వేరియబుల్స్‌లో ఏది ఎన్నిసార్లు మిగిలిందో పట్టిక వేస్తే ఆ "ఉత్తమ మోడల్" ఎంత గట్టిదో వాళ్లకే తెలుస్తుంది.

రెండో డేటా ఎయిర్‌క్వాలిటీ, ఖాళీల పాఠం కోసం. 153 రోజులు, ఓజోన్‌లో 37 ఖాళీలు, సోలార్‌లో (సూర్యరశ్మి) 7. ఓజోన్‌ని గాలి, ఉష్ణోగ్రతతో కడితే 116 వరుసలు వాడుతుంది. సోలార్ కలిపితే 111. వరుసలు వేరైతే ఆ రెండు ఏఐసీలను పోల్చకూడదు. స్టెప్ వరుసల సంఖ్య మారిందని గొడవపెడుతుంది, చేత్తో పోల్చేవాళ్లని మాత్రం ఎవరూ ఆపరు. ముందుగా 111 పూర్తి వరుసలు వేరు చేసుకుని, వాటి మీదే అన్ని మోడళ్లూ కట్టాలి.

స్టాట్స్_విభాగం

చాలా ఉపయోగం అండి. 61.31కీ 154.12కీ తేడా మా దగ్గరా ఏటా వచ్చే ప్రశ్నే. మరి వై బదులు లాగ్ వై వాడిన మోడల్‌ని మామూలు మోడల్‌తో పోల్చడం ఎలా? ఏఐసీ, బీఐసీ ప్రశ్న కూడా మిగిలిపోయింది.

శబ్దం_50

లాగ్ వై మోడల్ ఏఐసీకి 2 × (లాగ్ వైల మొత్తం) కలిపాకే పోల్చాలి. సాంద్రతను మళ్లీ వై కొలమానంలోకి తెచ్చే పదం అది. కలపకుండా పోల్చితే కిలోలనీ లీటర్లనీ పోల్చినట్టే. మిక్స్‌డ్ మోడళ్లలో (గుంపుల మధ్య యాదృచ్ఛిక తేడాలనీ లెక్కించేవి) ఫిక్స్‌డ్ భాగం మారుతుంటే ఆర్‌ఈఎంఎల్ (రెస్ట్రిక్టెడ్ మాక్సిమమ్ లైక్లీహుడ్) కాదు, ఎంఎల్‌తో (మామూలు మాక్సిమమ్ లైక్లీహుడ్) కట్టి పోల్చాలి.

ఏఐసీ, బీఐసీల సంగతి ఒక ప్రయోగంతో చెప్పండి. ప్రతి విద్యార్థీ తన హాల్ టికెట్‌లోని చివరి మూడంకెలు సీడ్‌గా (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే చోటు) పెట్టి, 100 వరుసలు, 51 కాలమ్‌ల నార్మల్ సంఖ్యలు పుట్టించాలి. మొదటి కాలమ్ వై, మిగతా 50 ఉత్త శబ్దం. అన్నీ పెట్టి కడితే ఆర్-స్క్వేర్ (వై తేడాల్లో మోడల్ వివరించే వాటా) 0.5 చుట్టూ వస్తుంది (50ని 99తో భాగించండి), ఎఫ్ పరీక్ష (వేరియబుల్స్ అన్నీ కలిసి వైని వివరిస్తున్నాయా అని చూసేది) 5 శాతం స్థాయిలో 60 మందిలో ముగ్గురికే తప్పు చెబుతుంది. ఇప్పుడు పీ 0.25 లోపున్న పన్నెండు, పదమూడు వేరియబుల్స్ ఉంచి మళ్లీ కట్టమనండి. ఎఫ్ పరీక్ష చాలామందికి "గొప్ప సంబంధం" చూపిస్తుంది. లేని సంబంధం అది. గణాంకవేత్త డేవిడ్ ఫ్రీడ్‌మన్ 1983లో చూపించిన విషయమే.

దీన్నుంచి మీ ప్రశ్నకి వద్దాం. ఒక శబ్ద వేరియబుల్‌ని ఏఐసీ లోపలికి రానిచ్చే అవకాశం శాంపిల్ ఎంత పెద్దదైనా దాదాపు 16 శాతం. బీఐసీకి ఎన్ 100 అయితే 3 శాతం, 1000 అయితే ఒక శాతం లోపు. సరైన మోడల్ జాబితాలోనే ఉందని నమ్మి, దాన్ని పట్టుకోవాలనుకుంటే బీఐసీ. అసలు నిజం మన జాబితాలో లేదు, రేపటి అంచనా బాగుండాలి అంటే ఏఐసీ. రెండు గుణాలనీ ఒకే పద్ధతిలో పూర్తిగా పొందలేమని గణాంకవేత్త యూహాంగ్ యాంగ్ 2005లో నిరూపించాడు. కాబట్టి విజేతను ప్రకటించకండి, ఏ పనికి ఏదో చెప్పండి.

పరిశోధక విద్యార్థులకి ఇంకో మాట చేర్చొచ్చు. విశాఖ ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదువుకున్న సి.ఆర్. రావు గారు, యూహువా వూతో కలిసి 1989లో బయోమెట్రికా పత్రికలో రాసిన పేపర్ సరిగ్గా దీని మీదే. పెనాల్టీ ఎన్ కన్నా నెమ్మదిగా, లాగ్ లాగ్ ఎన్ కన్నా వేగంగా పెరిగితే సరైన మోడల్ చివరికి దొరుకుతుంది. బీఐసీ లాగ్ ఎన్ ఆ రెంటి మధ్య ఉంది, ఏఐసీ 2 పెరగనే పెరగదు.

పది_మడతలు

క్రాస్ వాలిడేషన్ 40 నిమిషాల్లో ఒక్క తప్పు మీద ఉండిపోండి: ముందు మొత్తం డేటా మీద వేరియబుల్స్ ఏరి, తర్వాత మడతలు (డేటా భాగాలు) వేయడం. ఏరడం కూడా ప్రతి మడతలో లోపలే జరగాలి. పైన చెప్పిన శబ్ద డేటా మీదే రెండు రకాలుగా చేయిస్తే తేడా వాళ్ల ముందే ఉంటుంది. 32 కార్లని పది మడతలు చేస్తే ఒక్కో దాంట్లో మూడో నాలుగో కార్లు, సీడ్ మారితే ఫలితం మారుతుంది. 20 సార్లు వేసి సగటు తీయించండి.

ఉపన్యాసాల్లో "నమూనా" అనే మాట వాడొద్దని వక్తలకి చెప్పండి. తెలుగులో అది శాంపిల్‌కీ మోడల్‌కీ రెంటికీ చెల్లుతుంది, "నమూనా పెరిగితే" అనగానే సగం గది దారి తప్పుతుంది. కంప్యూటర్‌కి ఇద్దరు కాబట్టి ఒకరు టైప్ చేస్తే ఒకరు అంకెలు కాగితం మీద రాయాలి, ప్రతి అభ్యాసానికీ చోటు మారాలి. లాసో చూపించాలంటే గ్లెమ్‌నెట్ ప్యాకేజీ ముందురోజే 30 కంప్యూటర్లలోనూ ఎక్కించి, ఒక్కోదాంట్లో తెరిచి చూసుకోండి. పాత ఆర్ ఉన్న చోట అది ఎక్కదు.