ఈ శనివారం మూడు గుర్రప్పందేలు: డెర్బీకి ఏది కీలకం?

లెక్సింగ్టన్‌వాసి: ఏప్రిల్ మొదటి శనివారం మా ఊరి కీన్‌ల్యాండ్ మైదానంలో బ్లూ గ్రాస్, న్యూయార్క్‌లో వుడ్ మెమోరియల్, కాలిఫోర్నియాలో శాంటా అనీటా డెర్బీ ఉన్నాయి. మే మొదటి శనివారం జరిగే కెంటకీ డెర్బీ కోసం వీటిలో దేన్ని శ్రద్ధగా గమనించాలో పెద్దలు చెప్పగలరా?

పాతగుర్రం: మూడూ తొమ్మిది ఫర్లాంగుల (ఫర్లాంగంటే సుమారు 200 మీటర్లు) పందేలే, ప్రతి విజేతకూ 100 డెర్బీ అర్హత పాయింట్లు వస్తాయి, డెర్బీలో 20 గుర్రాలకే చోటు కాబట్టి గెలిస్తే బెర్త్ దాదాపు ఖాయమే. అయితే నేను గెలుపుకన్నా చివరి ఫర్లాంగునే ఎక్కువ చూస్తాను. డెర్బీ పది ఫర్లాంగులు గనుక, గీత దాటాక కూడా చెవులు నిక్కించి హాయిగా సాగిపోయే గుర్రమే నాకు ఆసక్తి.

లెక్సింగ్టన్‌వాసి: అంటే ఓడిన గుర్రాన్ని కూడా కొట్టిపారేయకూడదా అండీ?

మలక్‌పేట మిత్రుడు: ముమ్మాటికీ కొట్టిపారేయకూడదు. 1973లో సెక్రటేరియట్ అనే గుర్రం నోటిలో చీముగడ్డతోనే పరుగెత్తి వుడ్ మెమోరియల్‌లో మూడో స్థానంతో సరిపెట్టుకుంది. రెండు వారాల తరువాత అదే గుర్రం 1 నిమిషం 59.4 సెకన్లలో డెర్బీ గెలిచింది, ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. వుడ్‌కు 2017లో గ్రేడ్ (పందెం స్థాయి) తగ్గించారు కాబట్టి, నా మటుకు నేను బ్లూ గ్రాస్‌కే ఓటు వేస్తాను. మీరు ఊళ్లోనే ఉన్నారు కదా, తెల్లవారుజామున సాధన పరుగులకు వెళ్లి, తిరిగొచ్చే గుర్రం ఎంతసేపటికి ఊపిరి కుదుటపరచుకుంటుందో చూడండి.