పరిశోధన చూసి విధానం రాస్తారా, విధానం రాసుకున్నాక పరిశోధన వెతుక్కుంటారా?

జిజ్ఞాసి:
నా ఓటు మొదటిదానికే. మెక్సికోలో 1997లో ప్రోగ్రెసా అనే పథకం పెట్టారు. పిల్లల్ని బడికి పంపి, ఆరోగ్య పరీక్షలకు తీసుకెళ్తే తల్లుల చేతికి నగదు. ఏ ఊళ్లకు ముందు, ఏ ఊళ్లకు తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. దాంతో పోల్చి చూసే వీలు చిక్కింది. బడికెళ్లేవాళ్లు పెరిగారు, ముఖ్యంగా పై తరగతుల ఆడపిల్లలు. 2000లో, 71 ఏళ్లు ఏలిన పార్టీ ఓడిపోయింది. మామూలుగా అయితే పాత సర్కారు పథకం అటకెక్కాలి. కొత్తవాళ్లు పేరు మార్చి, పట్టణాలకూ విస్తరించారు.

లెక్కల మాస్టారు:
కథ సగంలో ఆపేశారేంటండీ? అదే పథకాన్ని 2019లో లోపెస్ ఒబ్రదోర్ ప్రభుత్వం ఎత్తేసింది. ఫలితాలు మారలేదు, కుర్చీలో మనిషి మారాడు.

ఇంకో సంగతి. ప్రభుత్వ అప్పు జీడీపీలో 90 శాతం దాటితే వృద్ధి కుంటుపడుతుందని 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఆర్థికవేత్తలు రాశారు. ఖర్చులు కోయాలనుకున్న నేతలకు అడక్కుండానే వరమిచ్చినట్టయింది. 2013లో ఒక పరిశోధక విద్యార్థి వాళ్ల ఎక్సెల్ షీటు తెరిచి చూస్తే, సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరుసలు కలవనే లేదు! (ఆ పొరపాటు ఒప్పుకున్నారు, వాదన మాత్రం వదల్లేదు.) అప్పటికే చాలా చోట్ల కోతలు అమల్లో ఉన్నాయి.

పక్కబెంచీ:
మీరిద్దరూ మంత్రి సంతకం దగ్గరే కొట్టుకుంటున్నారు. సంతకం తర్వాత సంగతో? కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల పథకాన్ని కొన్ని బడుల్లో ఒక స్వచ్ఛంద సంస్థకు, కొన్ని బడుల్లో ప్రభుత్వానికి అప్పగించి చూశారు. సంస్థ నడిపినచోట పిల్లల మార్కులు పెరిగాయి. ప్రభుత్వం నడిపినచోట ఏమీ లేదు. అక్కడ జీతాలు ఆలస్యమయ్యాయి, పర్మనెంటు చేయమని టీచర్ల సంఘం పట్టుబట్టింది. చిన్న ప్రయోగంలో ఫలించిందని దేశమంతా పెట్టేసేవాళ్లు ముందు అడగాల్సింది, నడిపేదెవరు అని.

జిజ్ఞాసి:
అది ఒప్పుకుంటాను. అయినా ఆ తేడా బయటపడింది కూడా పరిశోధన వల్లే కదా. దోమతెరల గొడవ చూడండి. ఊరికే ఇస్తే విలువుండదు, కొనుక్కుంటేనే వాడతారని ఏళ్ల తరబడి వాదించారు. కెన్యాలో గర్భిణులు వచ్చే ఆసుపత్రుల్లో కోహెన్, డ్యూపా అనే ఆర్థికవేత్తలు పరీక్షించారు. ధర సున్నా నుంచి 60 సెంట్లకు పెంచితే తీసుకునేవాళ్లు 60 శాతం పాయింట్లు తగ్గారు. పోనీ కొన్నవాళ్లు ఎక్కువ వాడారా అంటే, అదీ లేదు.

లెక్కల మాస్టారు:
ఆ వ్యాసం జర్నల్లో అచ్చయింది 2010లో. తెరలు ఉచితంగానో భారీ సబ్సిడీతోనో ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే అంది. ముందు విధానం, వెనక పరిశోధన. మీ ఉదాహరణ నా ఖాతాలోకే వస్తుంది.

జిజ్ఞాసి:
విధానం ముందే వచ్చింది, సరే. తర్వాత ఎవరైనా ధర పెట్టాలని చూస్తే అడ్డం చెప్పడానికి ఒక లెక్కంటూ చేతిలో ఉంది కదా మాస్టారూ. 2007లో అదీ లేదు.