రోళ్లపాడుకు బట్టమేక పిట్టను మళ్లీ తీసుకురావాలా?

జొన్నచేను:
రాజస్థాన్‌లోని జైసల్మేర్ ప్రాంతంలో 2019 నుంచి బట్టమేక పిట్ట (గడ్డినేలల్లో బతికే పెద్ద పక్షి, ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) గుడ్లను సేకరించి, పొదిగించి, పిల్లలను సంరక్షణ కేంద్రంలో పెంచుతున్నారు. వాటిలో కొన్నింటిని నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు అభయారణ్యంలో వదలాలని నా అభిప్రాయం. 1988లో ముఖ్యంగా ఈ పక్షి కోసమే ఏర్పాటైన చోట అదే లేకపోవడం బాధాకరం. సభ్యులు ఏమంటారు?

నల్లరేగడి:
ఆ బాధ నాకూ ఉంది, కానీ ఇప్పుడే వదలాలన్న మాటతో ఏకీభవించలేను. అభయారణ్యం విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. బట్టమేక పిట్ట ఏనాడూ ఆ హద్దుల్లోనే బతకలేదు. గుడ్డు పెట్టడానికి గడ్డినేల, మేతకు చుట్టుపక్కల మెట్టచేలు, ఆ చేలలోని మిడతలు, పురుగులు, రాలిన గింజలు, అన్నీ ఉంటేనే దానికి నిలువనీడ. కాలువ నీరు వచ్చి పైర్ల తీరు మారాక అందులో సగం పోయింది. పైగా అది సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డును, గూడంటూ కట్టకుండా నేల మీదే పెడుతుంది కాబట్టి, ఒక్క ఊరకుక్క చాలు ఆ ఏటి సంతానం లేకుండా చేయడానికి. కరెంటు తీగల ప్రమాదం సరేసరి: కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనిపించదు, కనిపించినా అంత బరువైన పక్షి చటుక్కున పక్కకు తిరగలేదు.

రైతుల సంగతి అన్నిటికంటే ముఖ్యం. రక్షణ దొరికాక కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి, ఆ కోపం అభయారణ్యం మొత్తం మీదికి మళ్లింది. కృష్ణజింకా ఈ నేలదే, మన రాష్ట్ర జంతువు కూడా, దాన్ని తప్పుపట్టలేము. పంట నష్టానికి పరిహారం సకాలంలో చేతికి అందకపోతే, కొత్తగా వచ్చే పక్షిని కాపాడమని రైతును ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?

జొన్నచేను:
అన్నీ చక్కబడేదాకా ఆగితే జాతే మిగలదేమో. దేశం మొత్తం మీద 150 కూడా లేవంటున్నారు.

నల్లరేగడి:
అంత తక్కువ ఉన్నందువల్లే ఒక్కదాన్ని కూడా తీగకు బలి చేయకూడదంటున్నాను. ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోమనీ అనడం లేదు. అభయారణ్యం చుట్టూ కొర్ర, జొన్న వేసే రైతుకు గిట్టుబాటు ధరకు హామీ ఇవ్వాలి, తీగలను భూమిలోకి మార్చాలి, గడ్డినేలలో చెట్లు నాటడం మానాలి. ఇవి జరిగితే గడ్డినేలలో బతికే మరో పక్షి నేలనెమలికీ, గుంటనక్కకూ, తోడేలుకూ మేలు. ఆ తర్వాత పిట్టలను వదలాలని మీరు అడిగితే మీ పక్కన నేనూ నిలబడతాను.